తమ్ముడి తరఫున

జూన్ 2, సోమవారం

మరదలు పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. గొడవేమీ చెయ్యలేదు. వెళుతూ ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళింది. ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళిన మనిషి రెండు రోజుల్లో తిరిగి రాదు.

గుమ్మం దగ్గర ఆగి నాతో అంది: "వదినా, ఒట్లు చాలు, పసర్లూ చాలు. తాగి మానుకున్నవాళ్ళంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులుంటాయట. మీ తమ్ముడు వెళ్ళి అందులో కూర్చోవాలి. కూర్చుంటున్నారని నాకు నమ్మకం కుదిరిన రోజు వస్తాను. కుదరకపోతే పాపను ఇక్కడి స్కూలు మాన్పించి అక్కడే చేర్పిస్తాను."

"సరే తల్లీ" అన్నాను.

"సరే అనాల్సింది మీరు కాదు వదినా, ఆయన."

వాడు నిద్రపోతున్నాడు. పని ఎక్కువై అలసట.

ప్రార్థన చేసుకున్నాను. ముగ్గురి కోసం.

జూన్ 3, మంగళవారం

చెల్లెలు ఫోన్ చేసింది. తన ఊళ్ళో కూర్చుని ఇక్కడి పరువు కాపాడుతూ ఉంటుంది.

"మీటింగులేంటక్కా? నలుగురూ ఏమనుకుంటారు? వాడేమన్నా తాగుబోతా?"

"కాదు."

"మరి?"

"తాగుతాడు."

"అది వేరు."

అవును, వేరు.

జూన్ 4, బుధవారం

పొద్దున వాడి చేతులు వణికాయి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం వాడి పని. ఆ మరలు నలుసంత ఉంటాయి. వణికే వేళ్ళకు చిక్కవు. దగ్గుమందు మూతతో బ్రాందీ రెండు మూతలు కొలిచి ఇచ్చాను. చేతులు నిలబడ్డాయి.

"నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణక్కా" అన్నాడు.

సీసా నా గదిలోనే ఉంటుంది, ప్రార్థన పుస్తకాల వెనక. వాడి దగ్గరుంటే అదుపుండదు. నా దగ్గరుంటే కొలత ఉంటుంది. పొద్దున రెండు మూతలు. సాయంత్రం వాడు అడిగినన్ని.

జూన్ 5, గురువారం

నేను దుప్పట్ల గదిలో పనిచేసే ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు రౌండ్లు ముగించుకుని వెళుతుంటే గుమ్మంలో ఆపాను. ఇన్నేళ్ళలో నేను ఆయనతో దిండు గలీబుల గురించి తప్ప మాట్లాడింది లేదు.

"తాగుడు మానుకునేవాళ్ళ మీటింగులు ఎక్కడ జరుగుతాయండీ?"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. చూపులో దయ నిండింది.

"ఎవరికమ్మా?"

"మా తమ్ముడికి."

"అందరూ అలాగే అంటారమ్మా. ఫరవాలేదు. అడిగారు, అదే సగం." నా భుజం తట్టి, అడ్రసు రాసిచ్చి వెళ్ళారు.

మధ్యాహ్నానికి చాకిరేవు విభాగంలో వాళ్ళు నాతో మెల్లగా, స్పష్టంగా మాట్లాడడం మొదలుపెట్టారు. బరువైన మూటలు నన్ను ఎత్తనివ్వలేదు.

జూన్ 7, శనివారం

డాక్టరుగారిచ్చిన అడ్రసులో ఇప్పుడు మద్యం దుకాణం ఉంది.

షాపతను మర్యాదస్తుడు. "ఆ మీటింగు వాళ్ళా అమ్మా? ముందు ఇక్కడే ఉండేవారు. అద్దె దగ్గర తేడా వచ్చి ఖాళీ చేశారు. మూడు వీధుల అవతల డ్రైవింగ్ స్కూలుంది చూడండి, సాయంత్రాలు అందులో పెట్టుకుంటున్నారు. సోమవారం, గురువారం. చాలా మంచివాళ్ళు. సగం మంది మా పాతవాళ్ళే."

దారి బొమ్మ గీసిచ్చాడు. గీసేటప్పుడు నా వైపు దిగులుగా చూశాడు, ఇంకో బేరం పోయిందన్నట్టు.

బయటికి వస్తుంటే పక్కింటావిడ ఎదురైంది. నన్ను చూసింది, బోర్డును చూసింది. నమస్కారం పెట్టింది. అంత వంగి ఎప్పుడూ పెట్టలేదు.

జూన్ 9, సోమవారం

"ఇవాళ కొత్త ఫ్రేములొచ్చాయక్కా. సర్దాలి. గురువారం తప్పకుండా వస్తాను" అన్నాడు.

జూన్ 12, గురువారం

"ముందు నువ్వెళ్ళి చూసి రాకూడదూ? ఎలాంటివాళ్ళో ఏమిటో. నీకు మనుషుల్ని చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

అదీ నిజమే. చిన్నప్పుడు వాణ్ణి బళ్ళో వేసేముందు కూడా నేనే వెళ్ళి చూసొచ్చాను. వాడికి జ్వరమొస్తే ఉపవాసం నేను చేశాను. వాడి పరీక్షలకు ప్రార్థన నేను చేశాను. తప్పింది మటుకు వాడే.

వెళ్ళాను.

గది గోడల నిండా రోడ్డు గుర్తుల పటాలు. మలుపు ఉంది, ఇరుకు వంతెన ఉంది, హారను కొట్టరాదు. బల్లమీద బండి లేని స్టీరింగు ఒకటి. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఇక్కడ ఎవరికీ పేర్లుండవట. నడిపించే పెద్దమనిషి ఒకప్పుడు బస్సు కండక్టరు, అందరూ కండక్టరుగారనే అంటారు. కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడితే "లోపలికి జరగండి, లోపలికి జరగండి, వెనక ఖాళీ ఉంది" అంటారు. వెనక గోడే ఉంది.

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. సలహా చెప్పకూడదు. ఎవరి గురించి వారే చెప్పుకోవాలి. మన ఇళ్ళలో లేని పద్ధతులు.

నా వంతు వచ్చింది.

"నా గురించి చెప్పడానికేం లేదండీ. తాగేది మా తమ్ముడు."

ఎవరూ నవ్వలేదు. అందరూ తలలూపారు. కండక్టరుగారు అన్నారు: "మంచిదమ్మా. నా విషయంలో తాగేది మా బావమరిది. ఏడాదిపాటు ఇదే కుర్చీలో కూర్చుని బావమరిది గురించే చెప్పాను."

"ఇప్పుడెలా ఉన్నారండీ ఆయన?"

"నాకు బావమరిదే లేడమ్మా."

అప్పుడు అర్థమైంది. వీళ్ళు నన్ను తాగుబోతునుకుంటున్నారు.

చెప్పేద్దామనుకున్నాను. కానీ గోడమీద అట్ట ఉంది: ఈ గది తాగుడు మానుకోవాలని కోరుకునేవారికి మాత్రమే. చెబితే బయటికి పంపేస్తారు. అప్పుడు వాణ్ణి తీసుకురావడం ఎలా? తాగుడు మానాలన్న కోరిక నాకుంది కదా. ఎవరు మానాలన్నది అట్టమీద లేదు.

నేను అబద్ధం ఆడలేదు. వాళ్ళు అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

దేవుడికి విషయం చెప్పాను. ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టే తీసుకున్నాను.

జూన్ 16, సోమవారం

రెండోసారి వెళ్ళాను. తమ్ముడికి నడుం పట్టేసింది.

ఇంటికొచ్చాక వాడు మంచం మీద లేచి కూర్చుని, "ఏం చెప్పుకున్నారక్కా ఇవాళ?" అని ఉత్సాహంగా అడిగాడు. పార్లరావిడ కథ చెప్పాను. ఆవిడ బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఒక పెళ్ళికూతురికి కనుబొమలు తీస్తూ తీస్తూ ఒక కనుబొమ పూర్తిగా తీసేసిందట. ఆ రోజు తాగిందే ఆఖరి గుక్క అని చెప్పింది. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత బాధపడి ఉంటుందో పాపం" అన్నాడు. గ్లాసు ముందుకు జరిపాడు. అంత కథ విన్నాక మనసు బాగోదు మరి. పోశాను.

జూన్ 19, గురువారం

మరదలు ఫోన్. "మీటింగు దొరికిందా వదినా?"

"దొరికింది. వెళుతున్నాం."

వెళుతున్నాం అన్నాను. మా ఇంట్లో ఎవరు వెళ్ళినా వెళుతున్నాం అనే అంటాం.

జూన్ 26, గురువారం

ఈ సారి మూతల సంగతి చెప్పాను. సీసా నా దగ్గరే పెట్టుకుని, మూతతో కొలిచి ఇస్తానని.

గది అంతా కదిలింది. "మూత కొలతా!" అన్నారు కండక్టరుగారు. "అందరం చేశాం అక్కయ్యగారూ. నేను టికెట్ల సంచిలో మూత పెట్టుకుని తిరిగాను. ఎక్కేవాళ్ళకు టికెట్టు, దిగేవాళ్ళకు చిల్లర, మధ్యలో నాకొక మూత."

"ప్రార్థన పుస్తకాల వెనకా?" అన్నాడు హోటలు వంటమాస్టరు. "నేను బియ్యం డబ్బాలో దాచేవాణ్ణి. మీది ఇంకా ముదిరింది."

పార్లరావిడ మటుకు నన్నే చూస్తూ కూర్చుంది.

అందరూ నన్ను అక్కయ్యగారు అనే పిలుస్తున్నారు. టీ బాధ్యత నాకప్పగించారు.

జూన్ 28, శనివారం

పక్కింటావిడ గోడమీంచి అడిగింది: "డ్రైవింగ్ స్కూలుకి వెళుతున్నారటగా? నేను ఆ రోజు ఏమేమో అనుకున్నాను, పాపం తగిలింది నాకు. కారు కొంటున్నారా?"

"ఇంకా లేదండీ."

"రివర్సు వచ్చిందా?"

"నేర్చుకుంటున్నాను."

జూలై 3, గురువారం

తమ్ముడు మరదలితో ఫోన్‌లో మాట్లాడాడు. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను.

ఆవిడ వాణ్ణి పరీక్ష చేసింది. గది ఎలా ఉంటుంది, ఎవరెవరు వస్తారు, ఏం మాట్లాడతారు. వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గోడమీద గుర్తులు, బండి లేని స్టీరింగు, కండక్టరుగారి 'లోపలికి జరగండి'. పార్లరావిడ కనుబొమ కథ నాకంటే బాగా చెప్పాడు. చివర్లో గొంతు వణికింది. "అక్కడ కూర్చుంటే నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టుంటుందే" అన్నాడు. అది నేను చెప్పలేదు. సొంతంగా కలిపాడు.

మరదలు ఏడ్చింది. ఫోన్‌లోంచి నాకు వినబడింది.

ఫోన్ పెట్టేసి, "ఎలా చెప్పానక్కా?" అన్నాడు. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పి ఇలాగే అడిగేవాడు.

బాగా చెప్పావన్నాను.

జూలై 10, గురువారం

ఇవాళ నాకు బిళ్ళ ఇచ్చారు.

నెలపాటు చుక్క ముట్టనివాళ్ళకు ఇచ్చే ఇత్తడి బిళ్ళ. కండక్టరుగారు లేచి నిలబడి, "అక్కయ్యగారు ఇంకా తమ్ముడి పేరే చెబుతున్నారు. ఫరవాలేదు. కానీ వచ్చిన రోజునుంచి ఒక్కసారీ వాసన రాలేదు, ఒక్క మీటింగూ మానలేదు. ఇలాంటివాళ్ళను నేను చూడలేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వంటమాస్టరు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నేను దగ్గుమందు కూడా నీళ్ళు కలుపుకునే తాగాను. యాభై ఏళ్ళ నిష్ఠకు నెల బిళ్ళ ఇచ్చారు. తీసుకున్నాను. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఎవరైనా నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

బిళ్ళ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాను. వాడిదే కదా. వాడి తరఫున వెళ్ళింది. వాడు దాన్ని లైటు కింద తిప్పి తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకుని, "సాధించాం అక్కా" అన్నాడు. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాడు. మరదలికి ఫొటో తీసి పంపాడు.

ఆనందం పట్టలేక రోజూ కంటే రెండు మూతలు ఎక్కువడిగాడు. ఈ ఒక్కరోజుకు కాదనలేకపోయాను.

జూలై 13, ఆదివారం

మరదలు ఫోన్. గురువారం మీటింగుకు ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చని ఎక్కడో విన్నదట. నెలకొకసారి అలా తలుపులు తెరుస్తారు. దారి అడిగి రాసుకుంది. వస్తానంది. "ఆయన్ని అక్కడ కూర్చుని ఉండగా ఒక్కసారి చూస్తాను వదినా. చూస్తే పాప బడి మార్చే సంగతి ఇక ఆలోచించను."

తమ్ముడితో చెప్పాను. "వస్తానక్కా. ఈసారి నిజంగా వస్తాను. ఒక్కరోజే కదా."

ప్రార్థన చాలాసేపు చేశాను.

జూలై 17, గురువారం

రాయకపోతే రేపటికి మార్చి గుర్తుపెట్టుకుంటాను. అందుకని రాస్తున్నాను.

సాయంత్రం వాడికి ధైర్యం చాలలేదు. ధైర్యం కోసం అడిగాడు. పోశాను. ధైర్యం వచ్చింది, వెంట నిద్రా వచ్చింది. నేను వెళ్ళేసరికి మరదలు డ్రైవింగ్ స్కూలు గుమ్మంలో ఉంది, మంచి చీర కట్టుకుని. కండక్టరుగారు "లోపలికి జరగండమ్మా, వెనక ఖాళీ ఉంది" అంటున్నారు. అది వినగానే మరదలి ముఖం విప్పారింది. వాడు చెప్పింది చెప్పినట్టు ఉంది కదా.

"ఎవరి తాలూకు అమ్మా?"

"మా ఆయన ఇక్కడికి వస్తారండీ. కళ్ళజోళ్ళ షాపులో పని. పోయినవారం బిళ్ళ కూడా ఇచ్చారు."

కండక్టరుగారు నన్ను చూశారు, మరదలిని చూశారు. నవ్వు ఆపుకుంటూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఓహో, అక్కయ్యగారి తమ్ముడు! మీరు అక్కయ్యగారి మనిషా? మంచిదమ్మా, ఇంట్లోవాళ్ళు అండగా ఉండాలి. కానీ ఇక్కడ ఆ తమ్ముడి నాటకం అక్కర్లేదు. మాకందరికీ తెలుసు."

"ఏం తెలుసండీ?"

"తమ్ముడు లేడని."

మరదలు నిదానంగా నా వైపు తిరిగింది. "లేడంటారా?"

"ఉంటే ఇన్నాళ్ళలో ఒక్కసారైనా కనబడడా అమ్మా?"

"నిజమే" అంది మరదలు. "పెళ్ళయినప్పటినుంచీ నాకూ సరిగ్గా కనబడలేదు."

వంటమాస్టరు ఉత్సాహంగా చెప్పాడు, అక్కయ్యగారు ఒక్క రోజూ మానరని, టీ ఆవిడే పెడతారని, బిళ్ళ ఆవిడకే ఇచ్చామని. మరదలు అంతా విని కుర్చీలో కూర్చుండిపోయింది. నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది. ఆవిడ నవ్వడం విని ఎంత కాలమైందో. మధ్యలో ఎక్కడో అది నవ్వు కాకుండా పోయింది.

లేచి వెళుతూ నాతో అంది: "బాగుంది వదినా. తాగేది ఆయన, మానేసింది మీరు."

సోమవారం పాప బడి కాగితాల కోసం వస్తానంది.

జూలై 18, శుక్రవారం

తమ్ముడు పొద్దున్నుంచీ ముఖం తిప్పుకుని తిరిగాడు. "నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది కదా వాళ్ళకి, నేను ఉన్నానని" అన్నాడు సాయంత్రం.

చెప్పాను. ప్రతిసారీ చెప్పాను.

జూలై 21, సోమవారం

పాప బడి కాగితాలు మరదలు తీసుకెళ్ళిపోయింది. ఇంట్లోకి రాలేదు.

మీటింగుకు వెళ్ళి, తమ్ముడి జేబులోంచి తీసిన బిళ్ళ కండక్టరుగారి ముందు పెట్టాను.

"నేను ఎప్పుడూ తాగలేదండీ. జన్మలో ముట్టలేదు. మా తమ్ముడు ఉన్నాడు. ఇంట్లో ఉన్నాడు."

కండక్టరుగారు చాలా బాధపడ్డారు. "అక్కయ్యగారూ, మళ్ళీ మొదలుపెట్టారా? జారిపడ్డారా? చెప్పండి ఫరవాలేదు, మేమంతా పడ్డవాళ్ళమే."

"పడలేదు. అసలు ఎక్కలేదు."

"చూశారా" అన్నాడు వంటమాస్టరు పక్కనున్న మనిషితో, "ఇలాగే ఉంటుంది. రెండో నెలలో ఒక్కసారిగా తిరగబెడుతుంది."

దేవుడి సాక్షిగా నిజం చెబితే అది రోగలక్షణం అయింది.

బయటికి వచ్చేశాను. పార్లరావిడ వెనకే వచ్చింది. "నాకు మొదటిరోజే తెలుసు. మీ దగ్గర ఇస్త్రీ దుప్పట్ల వాసన తప్ప ఇంకోటి లేదు."

"మరి చెప్పలేదేం?"

"సలహా చెప్పకూడదు కదా లోపల. ఇది వీధి కాబట్టి చెబుతున్నాను. మీరు ఆ గదికి తగనివారేం కాదు. రోజూ పొద్దున ఎవరి చేతులు సీసా దగ్గరికి వెళుతున్నాయి? మీవే కదా. ఒక్కరోజు ఆపి చూడండి, వణుకుతాయో లేదో."

నాకు కోపం వచ్చింది. నడిచి ఇంటికి వచ్చాను.

జూలై 22, మంగళవారం

వణికాయి.

సీసా, మూత రెండూ వాడి బల్లమీద పెట్టాను. "ఇవి నీవి" అన్నాను.

"అదేంటక్కా, నువ్వు కొలిచి ఇవ్వవా?"

"ఇవ్వను. దాచను. అడగను."

"నా మీద కోపమా?"

"లేదు నాన్నా."

వాడు సీసా వైపు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నేను ఆస్పత్రికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం దాకా దుప్పట్లు మడతపెడుతూ అంచులు కలపలేకపోయాను. చాకిరేవు వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

జూలై 23, బుధవారం

షాపు యజమాని ఫోన్ చేశాడు. తమ్ముడు మంచంమీంచి చెయ్యి ఊపాడు. "అక్కా, జ్వరమని చెప్పు."

"నాకు జ్వరం లేదు."

"నాకని చెప్పు!"

"నీకుంటే నువ్వే చెప్పు." ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టాను.

చెప్పాడు. వాడి గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. యజమాని అవతల్నుంచి గట్టిగా అంటున్నాడు: "మీ అక్కయ్య చెబితే నమ్మేవాణ్ణి. ఇన్నేళ్ళూ నీ జ్వరాలన్నీ ఆవిడ మొహం చూసే నమ్మాను. ముందు షాపుకి రా, నిన్న నువ్వు ఎడమ అద్దం కుడికి, కుడి అద్దం ఎడమకి బిగించి పంపిన పెద్దాయన మెట్లమీద పడ్డాడు."

వాడు వెళ్ళాడు. నేను చొక్కా గుండీలు సరిచెయ్యలేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టుకుని వెళ్ళాడు.

జూలై 24, గురువారం

యజమాని వాణ్ణి ఇంటికి పంపేశాడు. చేతులు నిలబడ్డాక రమ్మన్నాడట. పెద్దాయనకు ఎముకలేం విరగలేదు. దేవుడి దయ.

"నువ్వు వెళ్ళి మాట్లాడక్కా. నీ మాట వింటాడు."

"వింటాడు" అన్నాను. వెళ్ళలేదు.

ఇవాళ మీటింగుకూ వెళ్ళలేదు. వాళ్ళు నేను జారిపడ్డాననుకుంటూ ఉంటారు. టీ ఎవరు పెట్టారో.

జూలై 25, శుక్రవారం

చెల్లెలు ఫోన్ చేసి, నేను రాయిలా మారిపోయానంది. రాయి ఎవరి పరువూ కాపాడదని దాని భయం.

జూలై 26, శనివారం

ఏమీ లేదు.

జూలై 27, ఆదివారం

వాడు వరండాలో కూర్చున్నాడు. సీసా ఖాళీ. కొత్తది తేలేదు. చెమటలు పోస్తున్నాయి.

"అక్కా, ఆ గది ఎక్కడ?"

నాకు అప్పుడు తట్టింది. గోడలమీద గుర్తులు, కుర్చీలు, కండక్టరుగారి మాటలు, పార్లరావిడ కనుబొమ, అన్నీ వాడికి కంఠతా వచ్చు. దారి మటుకు తెలియదు. నేను చెప్పలేదు. వాడు అడగలేదు.

చెప్పాను. మూడు వీధులు, మద్యం దుకాణం దాటాక.

"ఆ దుకాణం తెలుసు" అన్నాడు.

జూలై 28, సోమవారం

పొద్దున వాడి చేతులే కాదు, ఒళ్ళంతా వణికింది. వాడంతట వాడే మా ఆస్పత్రికి వచ్చి పెద్ద డాక్టరుగారి ముందు కూర్చున్నాడు. ఆయన వాణ్ణి చూసి, నన్ను చూసి, "అయితే నిజంగానే తమ్ముడున్నాడన్నమాట" అన్నారు. ఇలా హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వస్తుందని, కొన్నాళ్ళు ఇక్కడే పడుకోబెట్టి మాన్పించాలని చెప్పారు. వాడు సరే అన్నాడు. నేను అనలేదు.

వాడి మంచానికి దుప్పటి నేనే పంపాను. అందరికీ పంపేలాంటిదే.

ఆగస్టు 6, బుధవారం

ఇంటికి వచ్చాడు. సన్నబడ్డాడు. సగం గిన్నె తిని పడుకున్నాడు. మూత చెత్తబుట్టలో కనిపించింది. తీసి కడిగి దగ్గుమందు సీసాకు పెడదామనిపించింది. పెట్టలేదు.

ఆగస్టు 11, సోమవారం

మీటింగుకు బయల్దేరాడు. నేనూ చీర మార్చుకున్నాను.

"నువ్వెందుకక్కా?"

"తోడుగా."

నడిచాం. దుకాణం ముందు వాడి నడక నెమ్మదించింది, నా ప్రార్థన వేగం పెరిగింది. దుకాణమతను నాకు నమస్కారం పెట్టాడు. వాడికీ పెట్టాడు, ఇంకా ఆత్మీయంగా.

గుమ్మంలో కండక్టరుగారు నిలబడిపోయారు. వాడి ముక్కు, నా ముక్కు ఒకటే. చూసినవాడికి సాక్ష్యం అక్కర్లేదు.

"తమ్ముడు!" అన్నారు.

"నమస్కారమండీ" అన్నాడు వాడు.

"లోపలికి జరుగు నాయనా, లోపలికి జరుగు." వాణ్ణి భుజం పట్టుకుని లోపలికి పంపారు. నేను వెనకే అడుగు వేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "అక్కయ్యగారూ, క్షమించాలి. మేము మిమ్మల్ని నమ్మనందుకు తలదించుకుంటున్నాం. కానీ ఇప్పుడు నమ్మాం కదా. ఈ గది తాగేవాళ్ళది."

"నేను ఒక మూల కూర్చుంటానండీ. టీ పెట్టి..."

"మీరు కూర్చుంటే వాడు మీ ముఖం చూసి మాట్లాడతాడమ్మా."

తలుపు వేశారు.

బయట బల్లమీద కూర్చున్నాను. అద్దాల తలుపు కాదు, చెక్క తలుపు. మాటలు వినబడవు. వాడి వంతు ఎప్పుడొచ్చిందో తెలియదు. సరిగ్గా చెబుతున్నాడో, మధ్యలో ఆగిపోతే ఎవరందిస్తారో. ఒకసారి లోపల అందరూ గట్టిగా నవ్వారు. నేను ఇన్నిసార్లు మాట్లాడాను, ఒక్కసారీ అలా నవ్వలేదు. ఏం చెప్పాడో. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఇంకా భయం వేసింది.

ప్రార్థన మొదలుపెట్టాను. ఏమడగాలో తోచలేదు. ఊరికే కూర్చున్నాను.

వాడు బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పార్లరావిడ వెనకనుంచి నాకు చెయ్యి ఊపింది. ఇంటిదాకా నడిచాం. ఏం చెప్పావని నోటిదాకా వచ్చింది. వీధి మలుపులో వచ్చింది, మా గేటు దగ్గర వచ్చింది, అన్నం వడ్డిస్తుంటే వచ్చింది. అడగలేదు. వాడు చెప్పలేదు.

ఆగస్టు 14, గురువారం

వాడొక్కడే వెళ్ళాడు. నేను ఇల్లు తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

ఆగస్టు 18, సోమవారం

మళ్ళీ వెళ్ళాడు. వర్షం. గొడుగు మర్చిపోయాడు. గొడుగు పట్టుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఆగస్టు 19, మంగళవారం

మరదలు ఫోన్ చేసింది. పాప అక్కడి బళ్ళో ఇంకా చేరలేదట. సీటు చూసి ఉంచారు, రేపో ఎల్లుండో చేర్చాలి.

"మీ తమ్ముడు మీటింగుకు వెళుతున్నారని పార్లరావిడ ఎవరో ఫోన్ చేసి చెప్పింది వదినా. నా నంబరు ఆయనే ఇచ్చారట. నిజమేనా?"

"వెళుతున్నాడు."

"నిన్న వెళ్ళారా?"

"వెళ్ళాడు."

"నిన్న ఏం మాట్లాడారు అక్కడ?" గొంతులో మళ్ళీ ఆ పరీక్ష పెట్టే ధోరణి.

"తెలీదు."

"ఎవరెవరు వచ్చారు?"

"తెలీదు తల్లీ."

"ఆయన వంతు వస్తే ఏం చెప్పారు?"

"నాకు చెప్పలేదు. నేను అడగలేదు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినబడింది. కూర్చున్నట్టుంది.

"మీకు తెలీదా వదినా?" అంది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పట్టి పట్టి. "నిజంగా మీకేమీ తెలీదా?"

"ఏమీ తెలీదు."

"అయితే నిజంగానే వెళుతున్నారన్నమాట" అంది.

ఆదివారం పాపను తీసుకుని వస్తానంది. ఉంటానని అనలేదు. ఇస్త్రీపెట్టె సంగతి నేనూ అడగలేదు.